పిల్లల చదువు పేరుతో అమ్మే ఫెంగ్‌షుయ్ సెట్టు: ఏది ఉంచుకోవచ్చు, ఏది తిప్పి పంపాలి

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే గిఫ్టు షాపుల్లోనూ, వాస్తు సామాను అమ్మేచోటా, ఆన్‌లైన్‌లోనూ ఫెంగ్‌షుయ్ (చైనా వాళ్ల వాస్తు) పేరుతో అమ్మే ఈ పెట్టెలు ముందు వరసలోకి వస్తాయి. కంపెనీ మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే. ఏడు లేదా తొమ్మిది అంతస్తుల చిన్న ఇత్తడి గోపురం, గాజు గ్లోబు, లక్కీ బాంబూ, గాలికి మోగే గంటలు, అరచేతిలో పట్టే దిక్సూచి, వాటితో ఒక కరపత్రం. కొన్నింటిలో ఎనిమిది మూలల అద్దం కూడా పెడతారు. ఇది ఏ ఒక్క కంపెనీ సరుకు మీదో రాసిన సమీక్ష కాదు. ఈ తరహా సెట్టులో ఏ వస్తువు దేనికి, ఫెంగ్‌షుయ్ లెక్క ప్రకారమే అది నిలబడుతుందా, పిల్లల గదిలో పెడితే ఏం జరుగుతుంది అన్నదే ఇక్కడి విషయం.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. గోపురం పెడితే మార్కులు పెరుగుతాయని ఎవరూ నిరూపించలేదు. ఫెంగ్‌షుయ్‌లో పిల్లలకు నిజంగా పనికొచ్చే భాగం వస్తువుల్లో లేదు. బల్ల ఎక్కడ వేయాలి, మంచం తల ఎటు ఉండాలి, వెలుతురు ఎటునుంచి రావాలి, తల మీద ఏం ఉండకూడదు అన్న పాత నియమాల్లో ఉంది. అవి ఇంటిని చూసి చెప్పేవి, పిల్లవాడు పుట్టిన సంవత్సరాన్ని బట్టి మారేవి. అందరికీ ఒకే పెట్టె అమ్మడమే ఆ విద్యకు విరుద్ధం.

ఈ పెట్టెలో డబ్బుకు తగిన వస్తువు దిక్సూచి. చైనా వాళ్ల ఫెంగ్‌షుయ్ దిక్సూచి అయిన లువోపాన్‌కు ఇది చిన్న నకలు. అసలు లువోపాన్‌లో చుట్టూ 24 భాగాలుంటాయి, ఒక్కోటి 15 డిగ్రీలు. మూడేసి భాగాలు కలిస్తే ఒక దిక్కు, అంటే 45 డిగ్రీలు. ఈశాన్యం 22.5 నుంచి 67.5 దాకా, ఆగ్నేయం 112.5 నుంచి 157.5 దాకా. సెట్టులో వచ్చేది ప్లాస్టిక్ పళ్లెమైనా ముల్లు సూటిగా నిలిస్తే ఇంటి పనికి చాలు. కొనగానే పరీక్షించండి. ఆరుబయట నేల మీద పెట్టి, పళ్లేన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు కదలకుండా ఒకే దిక్కు చూపాలి. పళ్లెంతో పాటు ఈడ్చుకుపోతే ఇరుసు బిగుసుకుందన్న మాట, తిప్పి పంపండి.

దిక్కు తప్పుగా రావడానికి ముఖ్య కారణం ఇనుము. స్లాబులో చువ్వలు, స్టీలు బీరువా, కిటికీ గ్రిల్లు, గుమ్మం ముందు నిలిపిన బండి, ఫోను స్పీకరులోని అయస్కాంతం, మూసే అయస్కాంతం ఉన్న ఫోను కవరు, ఇవన్నీ ముల్లును లాగుతాయి. బల్ల వేయాలనుకున్న చోట ఒకసారి, దానికి మీటరు ఇటు ఒకసారి, మీటరు అటు ఒకసారి, నడుము ఎత్తులో పట్టుకుని మూడుసార్లు చూడండి. మూడింటి మధ్య 5 డిగ్రీలకు మించి తేడా వస్తే ఆ గదిలో ఇనుము ఆడుకుంటోంది. అప్పుడు బయట గోడ వెంబడి కొలిచి, గది గోడలు దానికి సమాంతరం కాబట్టి లెక్క కట్టుకోవడం మేలు. ఫోనులో చూసేవాళ్లు కవరు తీసేసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకెలా తిప్పాక చూడాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఫోనుల్లో భౌగోళిక ఉత్తరం, అయస్కాంత ఉత్తరం అని రెండు ఉంటాయి. హైదరాబాదులో రెండింటి తేడా డిగ్రీ అటూ ఇటూ. అమెరికా పశ్చిమ తీరంలో అది పది డిగ్రీలు దాటుతుంది. ఫెంగ్‌షుయ్ లెక్క సాధారణంగా అయస్కాంత ఉత్తరానిది, సెట్టింగు దానికి మార్చుకోండి.

ఇక గోపురం. చైనాలో చదువుల దేవుడు వెన్‌చాంగ్, ఈ గోపురం ఆయన పేరు మీదే. రాజుల కాలపు ఉద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యేదాకా ఆ పరీక్షలకు కూర్చునేవాళ్లు ఆయన్ని కొలిచేవారు. తైవాన్‌లో ఇప్పటికీ పరీక్షల ముందు విద్యార్థులు ఆయన గుడిలో ఉల్లికాడలూ సెలరీ పెడతారు. వాళ్ల భాషలో ఉల్లికాడ పేరు తెలివి అన్న మాటలా, సెలరీ పేరు శ్రద్ధ అన్న మాటలా వినిపిస్తాయి. మన ఇళ్లలో బాసరలో అక్షరాభ్యాసం చేయించడం, హాల్ టికెట్టు దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకోవడం ఎలాంటివో అదీ అలాంటిదే. ఆ భావంతో గోపురాన్ని బల్ల మీద పెట్టుకుంటే తప్పేమీ లేదు. 7, 9, 13 అంతస్తులవి దొరుకుతాయి. అంతస్తులు పెరిగిన కొద్దీ ఫలం పెరుగుతుందని చెప్పి ధర పెంచితే మాత్రం ఒప్పుకోకండి.

గోపురాన్ని ఎక్కడ పెట్టాలన్నదాని మీదే కరపత్రాలు తడబడతాయి. చాలావాటిలో ఈశాన్యం అని ఒక్క ముక్క అచ్చు వేసి వదిలేస్తారు. ఈశాన్యం విద్యా స్థానమన్నది ఎనిమిది దిక్కుల పటంలోని లెక్క. ఇంకోటి ఎగిరే నక్షత్రాల పద్ధతి, అందులో 1 నుంచి 9 దాకా సంఖ్యలున్న నక్షత్రాలు దిక్కులు మారుతుంటాయి. వాటిలో చదువుకు సంబంధించింది 4వ నక్షత్రం, అది ఏటా ఫిబ్రవరి 4 ప్రాంతంలో చోటు మారుతుంది. 2025లో పడమర, 2026లో ఈశాన్యం, 2027లో దక్షిణం, 2028లో ఉత్తరం. అంటే కరపత్రం మాట 2026లో రెండు లెక్కలకూ సరిపోతుంది. మరుసటి ఏడు ఒకదానికే సరిపోతుంది.

లోహం సంగతి ఇంకా ముఖ్యం. 4వ నక్షత్రం చెట్టు తత్త్వానిది. చైనా వాళ్ల పంచతత్త్వాల వరసలో నీరు చెట్టును పెంచుతుంది, లోహం చెట్టును నరుకుతుంది. చెట్టు నక్షత్రం ఉన్నచోట ఇత్తడి గోపురం నిలబెట్టడం వాళ్ల లెక్కలోనే చిక్కు. కావాలనుకుంటే చెక్కది తీసుకోండి. ఇత్తడిదే కొంటే బొమ్మ అడుగున అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే అది ఇనుము మీద పూత. చౌక పోత ఇత్తడిలో సీసం కలుస్తుంది, కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో అందకుండా ఉంచాలి. పైన సూది మొన ఉన్న గోపురం పిల్లల కంటి ఎత్తున అసలు పెట్టకూడదు.

గాజు గ్లోబు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెట్టె మొత్తంలో ఎక్కువ ప్రమాదమున్న వస్తువు ఇదే. స్ఫటికం అని రాసి అమ్మినా దాదాపు అన్నీ గాజువే. తెలుసుకోవాలంటే గుండ్రటి బంతిని తెల్ల కాగితం మీద గీసిన సన్నని గీత మీద పెట్టి, మెల్లగా తిప్పుతూ చూడండి. అసలైన స్ఫటికంలో ఏదో ఒక వైపు గీత రెండుగా కనిపిస్తుంది. గాజులో ఎటు తిప్పినా ఒకటే గీత. లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపించినా అది గాజే. గాజైతే మాత్రం నష్టం లేదు, ధర గాజు ధరలో ఉంటే చాలు.

అసలు భయం నిప్పు. గాజు బంతి భూతద్దంలా పనిచేస్తుంది. ఎండను అది తన ఉపరితలం నుంచి వ్యాసంలో నాలుగో వంతు దూరంలో ఒక చుక్కగా పోగు చేస్తుంది. 5 సెం.మీ. బంతి అయితే వెనక సెంటీమీటరుం బావు దూరంలోనే ఆ చుక్క. అక్కడ నోటుపుస్తకమో, కర్టెనో, చెక్క బల్ల పైపూతో ఉంటే మాడుతుంది, రాజుకుంటుంది. కరపత్రం ఏమో కిటికీ పక్కన, వెలుతురు తగిలేలా పెట్టమంటుంది. పెట్టకండి. ఎండ ఏ వేళా తగలని చోట, అలమారు లోపల పెట్టండి. చలికాలంలో ఎండ వాలుగా గదిలో లోపలిదాకా వస్తుంది కాబట్టి జూన్‌లో క్షేమంగా ఉన్న చోటు డిసెంబరులో ఉండదు. రోజుకు మూడుసార్లు గ్లోబును తిప్పితే విద్య వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. దానికన్నా దేశాల పేర్లు చదవగలిగే మామూలు ప్లాస్టిక్ గ్లోబు కొనిస్తే పిల్లలు తిప్పిన ప్రతిసారీ ఒక ఊరి పేరైనా కంట పడుతుంది. గాజు గ్లోబు మీద గరుకుగా చెక్కిన ఖండాల్లో ఇండియానే వెతుక్కోవాలి.

దిక్సూచి తరవాత రెండో స్థానం లక్కీ బాంబూకు ఇవ్వవచ్చు, శ్రద్ధ పెట్టే ఇల్లయితేనే. ఇది వెదురు కాదు, డ్రసీనా జాతి మొక్క, పుట్టిల్లు మధ్య ఆఫ్రికా. నీళ్లలో చెట్టు కాబట్టి, పైన చెప్పిన తత్త్వాల లెక్కలో 4వ నక్షత్రానికి సరిగ్గా కుదిరే వస్తువు ఇది ఒక్కటే. ఎన్ని కాడలు అన్న దగ్గర మన దగ్గర గందరగోళం ఉంది. చైనా భాషలో నాలుగు అన్న మాట చావు అన్న మాటలా వినిపిస్తుందని, 4 కాడలు పెట్టకూడదని కరపత్రాలు రాస్తాయి. విద్యా స్థానానికి మాత్రం చైనాలో 4 కాడలు పెట్టడమే వాడుక, నక్షత్రం సంఖ్య 4 కనుక. సెట్టులో 3 వచ్చినా 5 వచ్చినా కంగారు పడాల్సిన పని లేదు.

పెంపకంలో తప్పేది మూడు చోట్ల. ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగితే కుళాయి నీళ్లలోని క్లోరిన్, ఫ్లోరైడు కారణం కావచ్చు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లలో ఇది మామూలు, వాన నీళ్లో ఫిల్టరు నీళ్లో పోయండి. ఆకులు మధ్యలో తెల్లబారితే ఎండ నేరుగా పడుతోంది. కాడ పసుపు రంగుకు తిరిగి మెత్తబడితే కుళ్లు మొదలైంది. ఆ కాడను వెంటనే తీసేయాలి, మిగతావాటికి అంటుకుంటుంది. నీళ్లు వేళ్లు మునిగేంత, 3 నుంచి 5 సెం.మీ. చాలు. అన్నింటికన్నా ముఖ్యం, వారానికోసారి నీళ్లు పారబోసి, పాత్ర లోపలి గోడను బ్రష్షుతో రుద్ది కడగండి. డెంగీ దోమ శుభ్రమైన నిల్వ నీళ్లలోనే పెరుగుతుంది, గుడ్లు పాత్ర అంచుకు అంటిపెట్టుకుంటాయి. నీళ్లు మారిస్తే పోవు, రుద్దాల్సిందే. పిల్లల క్షేమానికని తెచ్చిన మొక్క పిల్లల గదిలో దోమల్ని పెంచితే దాన్ని మించిన అన్యాయం లేదు. కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో అవి ఆకులు కొరకకుండా చూడాలి, వాటికి పడదు.

గాలి గంటలు పిల్లల గదికి వద్దు. చదివేటప్పుడు చెవి అటు లాగుతుంది, రాత్రి నిద్ర తెగుతుంది. చెట్టు తత్త్వపు దిక్కులైన తూర్పు, ఆగ్నేయాల్లో లోహపు గంటలు తత్త్వాల లెక్కకూ పొసగవు. ఎనిమిది మూలల అద్దం ఇంటి బయట గోడకు తగిలించేది, లోపల పెట్టేది కాదు. పిల్లల సెట్టులో అది వచ్చిందంటే ఆ సెట్టు కూర్చినవాళ్లకు విషయం తెలియదని అర్థం.

పెట్టెలో లేనిది, దిక్సూచి చేతిలో ఉంటే ఎవరికి వారు చేసుకోగలిగింది, చదువు బల్ల అమరిక. ముందు పిల్లల కువా సంఖ్య, అంటే పుట్టిన సంవత్సరాన్ని బట్టి మంచి దిక్కులు చెప్పే అంకె, కట్టాలి. 2000 తరవాత పుట్టినవాళ్లకు లెక్క ఇది. సంవత్సరంలోని చివరి రెండంకెలు కలిపి ఒక్క అంకె చేయండి. మగపిల్లవాడికి 9లోంచి తీసేయండి, ఆడపిల్లకు 6 కలిపి మళ్లీ ఒక్క అంకె చేయండి. సున్నా వస్తే 9. 5 వస్తే అబ్బాయికి 2, అమ్మాయికి 8. ఫిబ్రవరి 4కు ముందు పుడితే కిందటి సంవత్సరం తీసుకోవాలి. ఉదాహరణకు 2014 జూలైలో పుట్టిన అబ్బాయి: 1, 4 కలిపితే 5, 9లోంచి తీస్తే 4. అదే ఏడు పుట్టిన అమ్మాయి: 5, 6 కలిపితే 11, అంటే 2. సంఖ్య 1, 3, 4, 9 అయితే తూర్పు వర్గం. వీళ్లకు తూర్పు, ఆగ్నేయం, ఉత్తరం, దక్షిణం మంచివి. 2, 6, 7, 8 అయితే పడమర వర్గం. వీళ్లకు పడమర, వాయవ్యం, నైరుతి, ఈశాన్యం. కూర్చున్నప్పుడు ముఖం ఎటుందన్నదే దిక్కు, బల్ల ఏ మూల ఉందన్నది కాదు. ఈ రెండూ కలిపేసుకోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

మన ఇళ్లలో ఇక్కడే వాస్తుతో పేచీ వస్తుంది. వాస్తు తూర్పు, ఉత్తరం చూస్తూ చదవమంటుంది. దక్షిణ ముఖంగా కూర్చోబెడితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఒప్పించనక్కర్లేదు కూడా. తూర్పు వర్గం పిల్లలకు తూర్పో ఉత్తరమో ఎంచుకోండి, రెండు లెక్కలూ కలుస్తాయి. పడమర వర్గానికి ఈశాన్య ముఖం కలుస్తుంది, కానీ దానికి బల్లను వాలుగా తిప్పాలి. గది సరిగ్గా దిక్కులకు ఉంటే కనీసం 22.5 డిగ్రీలు. 120 సెం.మీ. బల్లను అంత తిప్పితే ఒక కొస గోడకు 46 సెం.మీ. ఎడంగా వస్తుంది. పదడుగుల గదిలో అది పెద్ద నష్టం, అలాంటప్పుడు పడమర ముఖం చాలు. ఇంకో పేచీ బరువు. ఫెంగ్‌షుయ్‌లో ఈశాన్యం కొండకు గుర్తు, అక్కడ బరువు, మట్టి, రాయి పెడతారు. వాస్తులో ఈశాన్యం తేలిగ్గా, ఖాళీగా ఉండాలి. పుస్తకాల బీరువాను ఈశాన్యానికి జరిపి, తరవాత వాస్తు చూసిన ఆయన మాట విని మళ్లీ లాగడం చాలా ఇళ్లలో జరిగే పనే. ఏదో ఒక పద్ధతిని పట్టుకోండి, రెండింటినీ కలిపి కొత్తది తయారుచేయకండి. అమెరికాలో 1980లలో లిన్ యున్ అనే ఫెంగ్‌షుయ్ గురువు ప్రచారం చేసిన పద్ధతి మూడోది. అందులో దిక్సూచే లేదు, గుమ్మంలో లోపలికి చూస్తూ నిలబడితే ఎడమ చేతి దగ్గరి మూల విద్యా స్థానం. డల్లాస్‌లో ఉన్న కూతురికి అక్కడివాళ్లు చెప్పింది, విజయవాడలో అమ్మకు చెప్పింది కలవకపోవడానికి కారణం ఇదే.

దిక్కు కన్నా చోటు గొప్పది. ఈ మాట పాత పద్ధతి తెలిసినవాళ్లంతా ఒప్పుకుంటారు. మంచి దిక్కు కోసం పిల్లవాడి వీపు తలుపుకు పెట్టాల్సి వస్తే ఆ దిక్కును వదిలేయండి. వీపు వెనక గట్టి గోడ ఉండాలి, తలుపు కంటికి కనిపించాలి, కానీ తలుపుకు సూటిగా ఎదురు ఉండకూడదు. వెనకనుంచి ఎవరు వస్తున్నారో తెలియని చోట పిల్లలు ప్రతి చప్పుడుకూ వెనక్కి తిరుగుతారు. చిన్న గదిలో బల్ల పొట్టి అంచును పక్క గోడకు ఆనించి, పిల్లవాడు వెనక గోడకు వీపు పెట్టి కూర్చునేలా వేస్తే ఒక వైపు బల్ల పొడవు 120 సెం.మీ., ఇంకో వైపు బల్ల లోతు 60, కుర్చీకి 80 కలిపి 140 సెం.మీ. చోటులో పని అవుతుంది. దూలం కిందా, సజ్జ కిందా బల్ల గానీ మంచం గానీ వద్దు. మన ఫ్లాట్లలో సజ్జ మీద పాత సూట్‌కేసులు, ఇత్తడి బిందెలు పెట్టి దాని కిందే పిల్లల మంచం వేస్తారు. తలవైపు పుస్తకాల అర కూడా అంతే. బీరువా అద్దం మంచానికి ఎదురుగా ఉంటే రాత్రి దుప్పటి కప్పండి, వీధి దీపం వెలుగు అద్దంలో పడి కళ్లలోకి కొట్టదు.

బల్ల కొలతలు ఫెంగ్‌షుయ్ పుస్తకాల్లో ఉండవు గానీ లేకపోతే మిగతాదంతా వృథా. 130 సెం.మీ. ఎత్తున్న పిల్లలకు కుర్చీ 35, బల్ల 59 సెం.మీ. చుట్టుపక్కల ఉండాలి. 160 సెం.మీ. ఉంటే కుర్చీ 43, బల్ల 71. పెద్దవాళ్ల బల్లే వాడాల్సి వస్తే కుర్చీ మీద దిండు, కాళ్ల కింద పీట. కుడిచేత్తో రాసేవాళ్లకు దీపం ఎడమనుంచి, పుస్తకం మీద వెలుతురు 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత). బల్ల ముందు గోడ నిండా చార్టులు అతికించకండి. ఇంగ్లండులో 153 ప్రాథమిక తరగతి గదుల మీద సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేసి 2015లో ప్రకటించిన పరిశీలనలో వెలుతురు, గాలి, వేడి బాగున్న గదుల్లో పిల్లల చదువు మెరుగ్గా సాగిందని, గోడలు మరీ కిక్కిరిసినా మరీ బోసిగా ఉన్నా మంచిది కాదని తేలింది. చెత్త తీసేయమని, గాలి ఆడనివ్వమని ఫెంగ్‌షుయ్ చెప్పేదానికి ఇది దగ్గరగానే ఉంది. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో చదువుకు కూర్చునే ముందు పది నిమిషాలు కిటికీ తీయండి.

ఇంటికొచ్చి చూసే నిపుణులను పిలవాలనుకుంటే, ఫీజు మాట్లాడే ముందు మూడు అడగండి. దిక్కు ఎక్కడ, ఎన్నిసార్లు కొలుస్తారు. పిల్లలందరి పుట్టిన తేదీలూ తీసుకుంటారా. చెప్పింది ప్లాను మీద గీసి, రాసి ఇస్తారా. ఫోనులో ఫొటో చూసి దోషం చెప్పి, వెంటనే ఆ దోషానికి మందుగా తమ దగ్గరున్న బొమ్మ అమ్మేవాళ్లకు దూరంగా ఉండండి. బోర్డు మీది అక్షరాలు కనబడక కళ్లు చిట్లించే పిల్లకు, ఎనిమిదేళ్లొచ్చినా అక్షరాలు తారుమారు చేసే పిల్లవాడికి, రాత్రుళ్లు నిద్రపట్టని పిల్లలకు బల్ల దిక్కు మార్చుతూ నెలలు గడపడం వాళ్లకు చేసే అన్యాయం. ముందు కంటి డాక్టరు, పిల్లల డాక్టరు. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. తెల్లవారుజామున లేపి మంచి దిక్కున కూర్చోబెట్టినా ఆ లోటు తీరదు.

దిక్సూచి విడిగా కొనుక్కుని, నాలుగు కాడల మొక్క నర్సరీలో తెచ్చుకుంటే సెట్టు అక్కర్లేదు. ఇప్పటికే కొన్నవాళ్లు గ్లోబును ఎండలోంచి, గంటలను పిల్లల గదిలోంచి ఈ రోజే తీయండి. బల్ల మార్చాక రెండు వారాలు చూడండి. పిల్లవాడు ఇంకా హోంవర్కు తీసుకుని డైనింగు టేబులు దగ్గరికే పోతుంటే, కొత్తచోట సాయంత్రం నాలుగింటికి కూర్చుని చూడండి. ఎండ కళ్లలో పడుతోందేమో, పక్కింటి టీవీ వినిపిస్తోందేమో, వంటింట్లో ఉన్న అమ్మ కనిపించక ఒంటరిగా అనిపిస్తోందేమో తెలుస్తుంది. చిన్న పిల్లలకు చాలాసార్లు ఆ చివరిదే కారణం. అప్పుడు బల్లను హాల్లోకి, అమ్మ కనిపించే చోటికి తేవచ్చు.